ఒడిలో బియ్యం, ఒడిలో పుల్ల

ఈ దారి మీరు పోయి ఉండరు. గుంతకల్లులో రైలు మారేటప్పుడు ప్లాట్‌ఫారం మీద టీ తాగి, ఎండను నాలుగు తిట్లు తిట్టి, మళ్ళీ బండెక్కి ఉంటారు. అనంతపురం పక్కంతా చూసేసినామని చెప్పుకునేవాళ్ళలో ముక్కాలు మంది చూసింది ఆ ప్లాట్‌ఫారమే. నేను పోయింది గుంతకల్లు నుంచి చిలమత్తూరు దాకా, పాత జిల్లా ఈ కొస నుంచి ఆ కొసకు. చూడదగ్గ స్థలాలు అడగొద్దు. కోపంగా పోయినాను, కోపంగా వచ్చినాను, ఇది రాస్తాంటే ఇప్పుడూ కోపంగానే ఉంది.

గుంతకల్లు

నేను ఇక్కడ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. యూరప్ పాఠాలు నా నెత్తిన పడినాయి. రోము సామ్రాజ్యం చితికిపోయినాక దాని పొలాల్లోకి దిగిన జర్మన్ తెగలు ఉన్నాయే, ఫ్రాంకులు, గోతులు, బర్గండీయులు, తురింగీయులు, వాళ్ళ కథలు. రాజుల పేర్లు చెప్పి మిమ్మల్ని సతాయించను. ఒక రాజు దగ్గర ఒక సైనికుడు మొండికేసి దోపిడీలో వచ్చిన గుడి పాత్రను గొడ్డలితో కొడితే, రాజు అప్పటికి ఊరుకుని, ఏడాది ఆగి, వాని తల అట్లే కొట్టినాడంట. ఈ ముక్క చెప్పగానే క్లాసులో నవ్వులు. "మా ఊరి మాదిరే ఉండాది మేడమ్" అంటారు. తర్వాత ఒకడు లేచి, "అయినా ఇదంతా మనకెందుకు మేడమ్?" అని అడుగుతాడు. ఇన్నేండ్లు నా దగ్గర జవాబు లేదు.

వేసవి చివర్లో ఒకరోజు పొద్దున్నే మా తమ్ముడు ఓబులేసు కారేసుకొని వచ్చినాడు. మా నాయన పోయి అప్పటికి ఏడాది దాటింది. మాకు విడపనకల్లు దగ్గర నల్లరేగడి చేను ఉంది. ఆ చేన్లో గాలిమర నిలబెట్టుకుంటామని కంపెనీవాళ్ళు అడుగుతాండారు. మా పక్క వాటిని ఫ్యాన్లు అంటారు. ఫ్యాను నిలబడాలంటే కాగితాలు ఒకే పేరు మీద ఉండాలంట. కాబట్టి ఆడబిడ్డలిద్దరం, నేనూ మా పెద్దక్క హనుమక్కా, మాకు భాగం వద్దని సంతకం పెట్టాల.

"నీదేముంది రత్నక్కా, నీకు జీతం ఉండాది. బావకు రైల్వే పింఛను వస్తాది. పెద్దక్కతోనే వచ్చింది చిక్కు. నువ్వు చెప్తే వింటాది, రా, పోయొద్దాం" అన్నాడు.

పెద్దక్క సంగతి చెప్పాల మీకు. చిన్నప్పుడే అమ్మ పోతే మమ్మల్నిద్దరినీ ఎత్తి పెంచింది ఆమె. ఓబులేసును చంకనేసుకొని కలుపు తీసేది. చిలమత్తూరులో ఇచ్చినారు. బావ పోయినాడు, పిల్లలు లేరు. ఆమె మరిది ఉన్న నేలంతా బెంగళూరోళ్ళకు ప్లాట్లకు అమ్మేసినాడు. పట్టుపురుగులు పెంచే పాత షెడ్డులో ఒక మూల ఆమె ఉంటాంది. వానలు పడేలోపల ఆ షెడ్డు కూడా పీకేస్తామన్నారు. అంటే ఈ సంతకం పెట్టిందంటే ఆమెకు భూమ్మీద అడుగు పెట్టుకునేంత చోటు ఉండదు. నేను కారెక్కింది సంతకం పెట్టమని చెప్పేదానికి కాదు, పెట్టొద్దని చెప్పేదానికి. ఆ ముక్క ఓబులేసుకు చెప్పలేదు.

విడపనకల్లు

దారిలో ఉగ్గాని తిన్నాం. కోస్తావాళ్ళకు చెప్తే మరమరాల ఉప్మానా అంటారు, వాళ్ళ మొహం. నానబెట్టిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపేసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జి పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. అంగడామె నా మొహం చూసి, "ఏమ్మా, కారం చాలలేదా?" అని ఇంకో బజ్జి వేసింది. కారం సంగతి కాదని ఆమెకు ఏం చెప్పేది.

చేను దగ్గర ఆగినాం. వేసవిలో నల్లరేగడి నోళ్ళు తెరుచుకొని ఉంటాది, చెయ్యి పట్టేంత పగుళ్ళు. పోయిన పంట జొన్నదంట్లు ఎండి గట్టు మీద పడి ఉన్నాయి. చుట్టూ ఫ్యాన్లు తిరుగుతాండాయి. ఓబులేసు డిక్కీ తెరిచి నీళ్ళ సీసా తీసినాడు. లోపల రెండు గుడ్డ సంచులు కనపడినాయి.

"అవేంది?"

"ఒడి బియ్యం అక్కా. మీ మరదలు సర్దింది. దానికి నడుం పట్టేసి రాలేకపోయింది."

మా పక్క ఆడబిడ్డ తన భాగం వదులుకుంటే పుట్టింటివాళ్ళు చీర పెట్టి ఒడి నింపుతారు. బియ్యం, ఎండు కొబ్బరి, తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమ. దాంతో సరి. "మా ఆడబిడ్డకు పసుపు కుంకుమ ఇచ్చేసినాం" అంటారు నలుగురిలో. కూతురికీ కొడుకుకూ సమానమని చట్టం వచ్చి ఎన్నో ఏండ్లాయె. చట్టం ఉరవకొండ రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చోని ఉంటాది, చేను దాకా రాదు.

ఆ సంచులు చూసినాక నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను. ఫ్రాంకులకు ఒక పద్ధతి ఉండేది. తన ఆస్తి ఇంకొకరికి ఇయ్యాలనుకున్నవాడు సభలో నలుగురి ముందర నిలబడి, ఎండుపుల్ల ఒకటి తీసి, పుచ్చుకునేవాని ఒడిలో వేసేవాడు. పుల్ల ఒడిలో పడిందంటే ఆస్తి ఇచ్చినట్లే, చూసినవాళ్ళంతా సాక్షులు. అడవి మనుషులని మనం పుస్తకాల్లో చదువుకునే వాళ్ళు ఒడిలో పుల్ల వేసి నేల ఇచ్చినారు. మనం ఒడిలో బియ్యం పోసి నేల లాక్కుంటాం. ఇదే ముక్క ఓబులేసుకు చెప్తే, "నీ పాఠాలు కాలేజీలో చెప్పుకో అక్కా, ఎండకు బుర్ర తిరుగుతాది" అని ఏసీ పెంచినాడు.

పెనుకొండ దగ్గర పంచరు

అనంతపురం దాటినాక నేల ఎర్రబడింది. పెనుకొండ కొండ కనపడేసరికి టైరు పోయింది. స్టెప్నీలో గాలి లేదు. మా తమ్ముడు ఒడి బియ్యం మర్చిపోడు, స్టెప్నీలో గాలి కొట్టించేది మర్చిపోతాడు. చింతచెట్టు కింద మస్తానన్న అనే ఆయన పంచర్ల అంగడి ఉంటే అక్కడ కూలబడినాం. ఆయన టైరు ఊడదీస్తూ యాడికి పోతాండారని అడిగినాడు. నేను దాచకుండా చెప్పినాను. ఓబులేసు ఫోను చూసుకుంటున్నట్లు నటించినాడు.

"మా మతంలో ఆడబిడ్డకు మగవానిలో సగం అని రాసే ఉండాదమ్మా" అన్నాడు మస్తానన్న.

"ఇస్తారా మరి?"

"అది వేరే మాట. మా చెల్లెలు అడిగింది. ఇచ్చినాం. ఇచ్చినాక ఆరేండ్లు, ఆయమ్మ మా ఇంట్లో నీళ్ళు తాగలేదు, మేం ఆయమ్మ ఇంట్లో తాగలేదు."

"ఇచ్చింది తప్పా?"

"ఇచ్చింది తప్పు కాదమ్మా. అడిగించుకున్యాము చూడు, అది" అని ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచినాడు. బుడగలు వస్తాంటే వేలు పెట్టి చూపించినాడు. పంచరుకు నూటాయాభై తీసుకున్నాడు, టీ ఆయనే ఇప్పించినాడు.

ఆ నీడలో కూర్చోని తెగలన్నిటినీ తలచుకున్నాను. తురింగీయులది మరీ ఘోరం. నేల ఎవనిదో తండ్రి ఇనప కవచమూ వానిదే, చంపినవాని మీద పగ తీర్చే పనీ వానిదే. కూతురికి అమ్మ మెడలో గొలుసులు దక్కేవి. మా పక్క పాత కక్షల ఊర్లలో ఇది ఎవరికి చెప్పినా అరక్షణంలో అర్థమైపోతాది. బర్గండీయులు కొడుకు లేకపోతేనే కూతురు అన్నారు. ఫ్రాంకుల సాలిక్ చట్టంలో వాళ్ళ తాతల నేల ఆడదానికి రానే రాదు. పడమటి గోతులు మాత్రం, తండ్రి ఏమీ రాయకుండా పోతే, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ సమానంగా పంచుకోండని రాసుకున్నారు. క్లాసులో ఇవన్నీ బోర్డు మీద నాలుగు గీతలు. కారులో మా తమ్ముని పక్కన కూర్చున్నాక అవి గీతలుగా ఉండలేదు.

చిలమత్తూరు

కొడికొండ దగ్గర హైవే దిగేసరికి భూమంతా తెల్లరాళ్ళు. ప్లాట్ల రాళ్ళు. కానగచెట్లు కొట్టేసి కమాన్లు కట్టినారు. ఒక ఏజెంటు కారు ఆపి, "మేడమ్, బెంగళూరుకు గంట దారి, ఇప్పుడు పట్టుకుంటే బాగుపడతారు" అని రంగుల కాగితం లోపలికి తోసినాడు. ఆ కాగితంలో గీసిన రోడ్డొకటి మా పెద్దక్క పడుకునే షెడ్డు మీదుగా పోతాంది.

పెద్దక్క మమ్మల్ని చూసి పరుగెత్తుకొని వచ్చింది. ఓబులేసు మొహం రెండు చేతుల్లోకి తీసుకొని, "ఎండకు వాడిపోయినావు నాయనా" అంది. యాభై ఏండ్లవాడు వాడిపోయినాడంట. రాగి సంగటి కెలికింది, చెనిక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, నూరింది. వానికి మూడుసార్లు వడ్డించింది. షెడ్డు రేకుల వేడికి నా పళ్ళెంలోకి చెమట కారుతాంది. నేను సంగటి ముద్ద సగం పక్కకు తోసేసినాను. ఊరిబిండి మాత్రం నాలుక మీద ఇప్పటికీ ఉంది.

సాయంత్రం వాడు అట్ల బయటికి పోంగానే అడిగినాను. "అక్కా, సంతకం పెడతావా?"

"పెడతా."

"పెట్టి యాడుంటావు?"

"యాడనో ఉంటాలే. భాగం తీసుకుంటే పుట్టిల్లు మూసుకుపోతాది మే. నాకు ఉండేది అదొక్కటే కదా. వాడు ఏడాదికొకసారి వచ్చి, పెద్దక్కా అంటే చాలు నాకు."

కోపమొచ్చి అరిచినాను. ఫ్రాంకుల్లో ఒక తండ్రి సంగతి చెప్పినాను. అన్నదమ్ములతో ఆడబిడ్డలకు పొత్తు లేదనే ఆచారం మాలో పాతదే కానీ పాపిష్టిదని ఆయన రాయించినాడు. దేవుడు మిమ్మల్నందరినీ నాకు సమానంగా ఇచ్చినాడు, నా నేలలో నువ్వూ సమానమేనని కూతురి పేరు చేర్చినాడు. పద్నాలుగు వందల ఏండ్ల కింద ఒకనికి తోచింది, మా నాయనకు తోచలేదే అన్నాను. పెద్దక్క అంతా విని, "ఆయప్ప మంచోడు" అంది. అంతే, గిన్నెలు కడిగేదానికి లేచింది. నా చదువు, నా కోపం, రెండూ ఆ గిన్నెల కాడ వట్టిపోయినాయి.

మర్నాడు పొద్దున చాప పరిచినారు. ముందు ఒడి, తర్వాత సంతకం. ఒడి నింపేది మరదలు చేయాల్సిన పని. ఆమె రాలేదు కాబట్టి ఓబులేసే సంచి తీసినాడు. పెద్దక్క చాప మీద కూర్చోని కొంగు పరిచింది. బావ పోయినాక ఎవరూ ఆమె ఒడి నింపలేదు, మా పక్క నింపరు. కొంగు రెండుసార్లు సర్దుకొని పట్టింది. వాడు దోసిలితో బియ్యం పోసినాడు, కొబ్బరి పెట్టినాడు, ఆకులు వక్కలు పెట్టినాడు. మళ్ళీ సంచిలో చెయ్యి పెడితే పసుపు పొట్లం, కుంకుమ పొట్లం వచ్చినాయి. వాని చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో. అక్కా, ఇది రత్నక్కది. నీది ఆ సంచి."

అట్లని ఊరుకోలేదు. వంగి, పెద్దక్క ఒడిలో నుంచి కొబ్బరి తీసినాడు, ఆకులు తీసినాడు, రెండు చేతులతో బియ్యం మళ్ళీ సంచిలోకి తోడినాడు. చెడ్డోడని కాదు. మొగుడు పోయినామెకు పసుపు కుంకుమ పెట్టకూడదని పుట్టినప్పటి నుంచి విన్నోడు, కంగారు పడినాడు. ఆ తోడేది చూస్తాంటే నాకు వాన్ని చెంప మీద ఒకటి ఇయ్యాలనిపించింది. పెద్దక్క కొంగు పరిచింది పరిచినట్లే పెట్టుకోని కూర్చుంది. నాలుగు గింజలు ఇంకా కొంగుకు అంటుకొని ఉన్నాయి.

రెండో సంచిలో ఒక తెల్ల చీర, కొంచెం బెల్లం ఉన్నాయి. వాడు చీర తీసి పక్కన పెట్టి, కాగితం, పెన్ను తీసినాడు.

"ఒరే ఓబులేసూ" అంది పెద్దక్క. గొంతు మెల్లగానే ఉంది. "ఆడబిడ్డ భాగమంటే పసుపు కుంకుమ అంటారు కదరా? అది ఇచ్చి నేల వదిలించుకుంటారు."

"అవునక్కా, అందరూ చేసేదే కదా."

"మరి అది నాకు ఇయ్యకూడదని వెనక్కు తీసుకుంటివి."

"అది... ఆచారం కదక్కా."

"ఆచారమే. నేనూ కాదనలేదు. నా భాగం నాకు ఇయ్యకుంటే, నేను వదిలేది ఏముందిరా? నేను సంతకం పెట్టను."

ఓబులేసు పెన్ను మూత పెట్టినాడు. తర్వాత నా మీద పడినాడు. "నువ్వే ఎక్కించినావు. ఫ్రాంకులు, గోతులు అని ఏందేందో నూరిపోసినావు" అన్నాడు. నేను ఎక్కించలేదు. ఎక్కించాలని రాత్రంతా చూసి చేతగాక ఊరుకున్నాను. ఎక్కించింది వాని రెండు చేతులే. ఆ మాటే వాని మొహం మీద చెప్పినాను, ఇంకా చాలా చెప్పినాను, అవి ఇక్కడ రాయను.

పెద్దక్క లేచి రేకు పెట్టె సర్దుకుంది. "చేను చూసి చానా ఏండ్లాయె. పదండి" అంది.

మళ్ళీ నల్లరేగడి

ముగ్గురం తిరుగు దారి పట్టినాం. మస్తానన్న అంగడి వచ్చినప్పుడు నేను చెయ్యి ఊపినాను, ఆయన చూడలేదు. అనంతపురంలో ఓబులేసు ఓళిగలు, అంటే బొబ్బట్లు, కట్టించి, ఒకటి పెద్దక్క చేతిలో పెట్టి, స్టీరింగు మీదకు చూస్తూ కూర్చున్నాడు. ఆమె సగం తుంచి వాని నోట్లో పెట్టింది. వాడు నమలలేక నమిలినాడు. నాకు వాని మీద జాలి వేసింది, జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

విడపనకల్లు చేను చేరేసరికి ఎండ కొంచెం తగ్గింది. పక్క చేనివాళ్ళు నలుగురు గట్టు మీద కూర్చోని ఉన్నారు. ఫ్యానుకు కాపలా ఉండే ఆయన కూడా వచ్చి నిలబడినాడు. పెద్దక్క చెప్పులు విడిచి చేన్లోకి పోయి, చతికిలబడి కూర్చుంది. మట్టి గడ్డ ఒకటి తీసి నలిపి చూసింది. "ఎరువు తోలినట్లు లేరే" అంది. రెండు రోజుల్లో ఆమె గొంతులో తప్పు పట్టేది వినిపించింది అప్పుడే.

నేను గట్టు మీద పడిన ఎండిన జొన్నదంటు ఒకటి తీసుకున్నాను. పక్క చేనివాళ్ళను రమ్మన్నాను. కాపలాయప్పనూ రమ్మన్నాను. నలుగురికీ వినపడేటట్లు చెప్పినాను. "ఈ చేన్లో నాకొచ్చే మూడో భాగం మా పెద్దక్క హనుమక్కకు ఇస్తాండా. మీరంతా సాక్షి." చెప్పి ఆ దంటు ఆమె ఒడిలో వేసినాను.

"ఏంది ఈ నాటకం?" అన్నాడు ఓబులేసు.

"ఫ్రాంకుల రిజిస్ట్రేషన్. మనది ఉరవకొండలో చేసుకుందాం."

కాపలాయప్ప నవ్వబోయి పెద్దక్కను చూసి మానుకున్నాడు. ఆమె ఆ దంటును కొంగులో చుట్టి, ముడేసి, నడుముకు దోపుకుంది. "ఇది ఎవరూ వెనక్కు తీసుకోరు కదా?" అని అడిగింది. నన్ను కాదు, వాన్ని. ఓబులేసు కారు దగ్గరికి పోయి ఆమె పెట్టె దించి గట్టు మీద పెట్టినాడు.

చివరిగా, ఇంటికాడ

ఉరవకొండలో ఎట్లయిందో చెప్పి విసిగించను. కంపెనీవాళ్ళకు కాగితాలు తొందర, వాళ్ళ తొందర మాకు పనికొచ్చింది. నేల మూడు భాగాలైంది, రెండు పెద్దక్క పేరు మీద, ఒకటి ఓబులేసు పేరు మీద. ఫ్యాను వాని భాగంలోనే నిలబెట్టుకున్నాడు. పెద్దక్క చేన్లో రేకుల కొట్టం వేసుకుంది. ఓబులేసు మా ఇద్దరితో మాట్లాడడు. ఈ ఏడు నాకు పుట్టింటి నుంచి చీర రాలేదు. పుట్టిల్లు మూసుకుపోతాదని పెద్దక్క భయపడింది నిజమే, మూసుకుంది. మస్తానన్న చెప్పిందీ నిజమే. ఇయ్యాల్సింది అడిగించుకున్నాక ఇచ్చినా, అది గొంతులోనే ఉంటాది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

అయితే జొన్న కోతలైనాక ఒకరోజు పెద్దక్క బస్సులో గుంతకల్లు వచ్చింది. నెత్తిన చిన్న మూట. కాళ్ళు కడుక్కొని, నన్ను చాప మీద కూర్చోమంది. కొంగు పట్టమంది. తన చేన్లో పండిన జొన్నలు దోసిళ్ళతో పోసింది. పుట్టింటి నుంచి పెట్టాల్సిన పని కదా, పుట్టిల్లు ఇప్పుడు ఆమెదే. కొబ్బరి పెట్టింది, ఆకులు పెట్టింది. మూట అడుగున కుంకుమ భరణి కూడా తెచ్చింది. మూత తీసి, వేలు ముంచి, నా నుదుటి దాకా తెచ్చి ఆపేసింది.

"నేను పెట్టొచ్చునో లేదో" అంది.

కొంగు నిండా జొన్నలు, నా రెండు చేతులూ కొంగు మీదే ఉన్నాయి. నేను తల ముందుకు వంచి, ఆమె వేలికి నా నుదురు ఆనించినాను.